అడుగుల చప్పుడుకు హెడ్‌ఫోన్స్, మాటకు మైకు

కంప్యూటర్ మీద వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ ఆడే పిల్లలున్న ఇంట్లో ఏదో ఒకరోజు ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. హెడ్‌సెట్ మైకు పాడైంది, కొత్తది ఏది కొనాలి? దుకాణంలో అడిగితే రంగు లైట్లు వెలిగే గేమింగ్ హెడ్‌సెట్ ముందు పెడతారు. బాగా తెలిసినవాళ్లను అడిగితే, గేమింగ్ అని రాసి ఉన్నదాని జోలికి పోవద్దు, మంచి హెడ్‌ఫోన్స్ ఒకటి, మైకు ఒకటి విడివిడిగా తీసుకోమంటారు. ఈ రెండో సలహా చాలావరకు సరైనదే. అయితే ఏ హెడ్‌ఫోన్స్, ఏ మైకు అన్నది తేల్చేది బ్రాండు కాదు, మీరు కూర్చుని ఆడే గది. పైన ఫ్యాను తిరుగుతుందా, పక్క మంచం మీద ఇంకొకరు పడుకుంటారా, తలుపు వేసుకునే వీలుందా అన్నవి ముందు చూసుకుంటే, డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టక్కర్లేదో తెలిసిపోతుంది.

ముందు వినడం సంగతి. గోడ అవతల శత్రువు పరుగెత్తుతున్నాడు. ఎడమవైపా, కుడివైపా? మన చెవులు దీన్ని రెండు రకాలుగా పట్టుకుంటాయి. ఎడమ నుంచి వచ్చే చప్పుడు ఎడమ చెవికి ముందు చేరుతుంది, తల చుట్టూ తిరిగి కుడి చెవికి కాస్త ఆలస్యంగా వెళ్తుంది. ఆ ఆలస్యం ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యో వంతులో మూడింట రెండు వంతులకు మించదు. అంత చిన్న తేడానూ మెదడు లెక్క కడుతుంది. రెండోది, తల అడ్డం ఉండటం వల్ల కుడి చెవికి చప్పుడు, ముఖ్యంగా అందులోని సన్నని ధ్వనులు తగ్గి వినిపిస్తాయి. ఈ రెండు ఆధారాలతో ఎడమా కుడీ తేలిపోతుంది. మామూలు స్టీరియో హెడ్‌ఫోన్స్‌కు ఇది బాగా చేతనవును.

చిక్కంతా ముందు, వెనక, పైన, కింద అన్న చోట. సరిగ్గా మన ఎదురుగా ఉన్న చప్పుడూ, సరిగ్గా వీపు వెనక ఉన్న చప్పుడూ రెండు చెవులకూ ఒకేసారి, ఒకే బలంతో చేరతాయి. అప్పుడు మనకు ఉపయోగపడేది చెవి డొప్ప. దాని మడతల్లో పడి ధ్వని దిక్కును బట్టి ఒక్కో రకంగా మారుతుంది. పుట్టినప్పటి నుంచి మన డొప్పల తీరుకు అలవాటుపడిన మెదడు, ఆ మార్పును చూసి ఇది వెనక, అది మేడ మీద అని చెబుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే చప్పుడు చెవి పక్కనే పుడుతుంది కాబట్టి ఈ సాయం చాలావరకు పోతుంది. పోయినదాన్ని లెక్కలతో తిరిగి కలిపే పద్ధతి పేరు హెచ్‌ఆర్‌టీఎఫ్. ఒక దిక్కు నుంచి వచ్చే ధ్వనిని తల, చెవి డొప్ప ఎలా మారుస్తాయో ముందే కొలిచి పెట్టుకుని, ఆటలోని ప్రతి చప్పుడుకూ ఆ మార్పు చేసి పంపుతారు. కౌంటర్ స్ట్రైక్‌లో ఇది 2016లో వచ్చింది, వాలరెంట్‌లో 2021లో. వాలరెంట్ ఆడియో సెట్టింగ్స్‌లో హెచ్‌ఆర్‌టీఎఫ్ అని విడిగా ఒక ఆప్షనే ఉంటుంది. పైసా ఖర్చు లేకుండా మీ హెడ్‌ఫోన్స్ మెరుగుపడే చోటు అది.

ఇక్కడే పెట్టె మీద రాసే 7.1 సంగతి చెప్పాలి. సినిమా హాల్లో అయితే 7.1 అంటే చుట్టూ ఏడు వైపుల స్పీకర్లు, బేస్‌కు ఇంకొకటి. హెడ్‌సెట్‌లో దాదాపు ఎప్పుడూ ఉండేవి ఎడమకొకటి, కుడికొకటి, రెండే డ్రైవర్లు, అంటే చిన్న స్పీకర్లు. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ చేసే పని. అది తప్పేమీ కాదు, కొన్ని కథా గేముల్లో బాగానే ఉంటుంది. కానీ ఆట తన లెక్క తాను చేసి పంపిన ధ్వనిని హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఇంకోసారి సరౌండ్‌గా మారిస్తే రెండూ కలిసి దిక్కు చెడిపోతుంది. అడుగులు గదంతా పరచుకున్నట్టు వినిపిస్తాయి, ఎటో తెలియదు. అందుకని ఆటలో హెచ్‌ఆర్‌టీఎఫ్ పెట్టుకుంటే విండోస్ సోనిక్, డాల్బీ ఆట్మాస్, హెడ్‌సెట్ కంపెనీ ఇచ్చే 7.1, అన్నీ ఆపేయండి. చేసేది ఒక్కరే చెయ్యాలి. 7.1 ఉందని హెడ్‌సెట్‌కు ఎక్కువ డబ్బు పెట్టడం ఎందుకు దండగో దీంతోనే అర్థమవుతుంది.

బేస్ గురించి కూడా ఒక మాట. గేమింగ్ పేరుతో అమ్మే చాలా హెడ్‌సెట్లలో బేస్ బాగా పెంచి ఉంటుంది. బాంబు పేలితే గుండె అదరాలని. సినిమాకది సరదాయే. కానీ లోతైన ధ్వని గట్టిగా ఉన్నప్పుడు దానికంటే కొంచెం సన్నగా ఉండే ధ్వనులు దాని కింద మరుగున పడిపోవడం మన చెవి నైజం. పేలుడు, వెనకాల గాలి హోరు, వాటి కింద కప్పబడిపోయే అడుగులు. పోటీ ఆటకు బేస్ మితంగా ఉన్నవే మేలు. ఇప్పటికే ఉన్నవాటిలో బేస్ ఎక్కువనిపిస్తే పారేయక్కర్లేదు. విండోస్‌కు ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో 100, 150 హెర్ట్జ్ కింద ఉన్న భాగాన్ని నాలుగైదు డెసిబెల్స్ తగ్గించి చూడండి. విండోస్‌లోనే ఉండే లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్‌ను మాత్రం నేను సిఫారసు చెయ్యను. అది చిన్న చప్పుళ్లను పైకి లేపుతుంది, నిజమే. కానీ దగ్గరిదీ దూరందీ ఒకే స్థాయికి వచ్చేస్తే శత్రువు ఎంత దూరంలో ఉన్నాడో చెప్పే ఆధారమే పోతుంది.

ఇప్పుడు గదిలోకి వద్దాం. హెడ్‌ఫోన్స్‌లో రెండు కులాలు: వెనక మూత ఉన్నవి, వెనక జాలీ ఉన్నవి. దుకాణం భాషలో క్లోజ్డ్ బ్యాక్, ఓపెన్ బ్యాక్. జాలీ పద్ధతిని సెన్‌హైజర్ కంపెనీ 1968లో హెచ్‌డీ 414తో మార్కెట్లోకి తెచ్చింది. వీటిలో ధ్వని చెవి దగ్గర బిగబట్టుకుని ఉండదు, విశాలంగా పరచుకుంటుంది. ఎవరు ఎంత దూరంలో ఉన్నారో ఇట్టే తెలిసినట్టుంటుంది. గంటలకొద్దీ పెట్టుకున్నా చెవి ఉక్కపోయదు. సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్, ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ 9500, బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో ఈ జాతివి. పోటీ ఆటలు ఆడేవాళ్లు వీటిని మెచ్చుకోవడంలో అతిశయం లేదు.

కానీ జాలీ అంటే జాలీయే. లోపలి చప్పుడు బయటికి పోతుంది, బయటి చప్పుడు లోపలికి వస్తుంది. హాల్లో టీవీ సీరియల్ నడుస్తుంటే, వంటింట్లో కుక్కర్ కూస్తుంటే, వేసవిలో కూలర్ హోరెత్తుతుంటే ఎంత ఖరీదైన ఓపెన్ బ్యాక్ అయినా అడుగుల చప్పుడు నిలబెట్టలేదు. రాత్రి పదకొండింటికి పక్కన తమ్ముడు పడుకుని ఉంటే వాడికి తుపాకుల మోత సన్నగా వినిపిస్తూనే ఉంటుంది. విడి గది, తలుపు, నెమ్మదిగా తిరిగే ఫ్యాను ఉన్నవాళ్లకు ఓపెన్ బ్యాక్. హాస్టల్ గది, ఉమ్మడి పడకగది, రోడ్డు పక్క ఇల్లు అయితే క్లోజ్డ్ బ్యాకే. ఆడియో టెక్నికా ఎం40ఎక్స్, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో స్టూడియోల్లో ఏళ్ల తరబడి నలిగిన సరుకు. తక్కువలో కావాలంటే ఎం20ఎక్స్ ఉంది.

మన వేడికి ఇంకో జాగ్రత్త కావాలి. రెక్సిన్ తొడుగున్న ఇయర్ ప్యాడ్లు చెమటకు పొరలు పొరలుగా ఊడి చెవులకు నల్లని చూర్ణం అంటుకోవడం చాలామందికి అనుభవమే. వెల్వెట్ లాంటి వెలూర్ ప్యాడ్లు చెమటకు నయం. ఏవైనా సరే, ప్యాడ్లు ఊడదీసి మార్చుకునే వీలుందా, ఆ మోడల్‌కు విడిగా దొరుకుతాయా అని కొనే ముందే అడగండి. కళ్లజోడు పెట్టుకునేవారు జోడుతోనే ఒక పావుగంట పెట్టుకుని చూడాలి. పట్టు గట్టిగా ఉంటే జోడు కాడలు కణతల మీద నొక్కుకుంటాయి. జోడు కాడ పక్క నుంచి గాలి సందు ఏర్పడితే క్లోజ్డ్ బ్యాక్‌లో బేస్ పల్చబడుతుంది కూడా. హెడ్‌ఫోన్స్ బరువు 300 గ్రాములు దాటితే సాయంత్రానికి మెడ చెబుతుంది.

అసలు తల మీద ఏదీ వద్దనుకునే వాళ్లకు వైరున్న ఇన్-ఇయర్ ఫోన్స్ ఉన్నాయి. కేజెడ్, మూన్‌డ్రాప్ లాంటి కంపెనీలవి తక్కువ ధరకే దొరుకుతాయి, ఆ ధరలో వచ్చే హెడ్‌సెట్ల కంటే చాలాసార్లు శుభ్రంగా వినిపిస్తాయి. బయటి గోలను బాగా ఆపుతాయి, చెమట బాధ లేదు. పెద్ద టోర్నమెంట్లలో ఆటగాళ్లు లోపల ఇవి పెట్టుకుని, జనం అరుపులు వినపడకుండా పైన హెడ్‌సెట్ తగిలించుకోవడం మామూలే. బడ్జెట్ బాగా తక్కువగా ఉంటే నా ఓటు వీటికే.

హెడ్‌ఫోన్స్ విద్యుత్ నిరోధాన్ని చెప్పే ఓమ్‌ల గురించి ఎక్కువ బెంగ పెట్టుకోవద్దు. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్ లాప్‌టాప్ జాక్‌కు చాలు. 80 కూడా చాలావరకు నడుస్తుంది. 250, 300 ఓమ్‌లవి అయితే విడిగా ఆంప్లిఫయర్ లేకపోతే చాలా కంప్యూటర్లలో వాల్యూమ్ చాలదు. డీటీ 770 ప్రో ఒకే పేరుతో 32, 80, 250 ఓమ్‌లలో దొరుకుతుంది కాబట్టి ఆర్డర్ పెట్టేటప్పుడు అంకె చూసుకోండి.

వైర్లెస్ విషయంలో గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. బ్లూటూత్‌లో ధ్వని సాధారణంగా సెకనులో పదో వంతుకు పైగా ఆలస్యంగా వస్తుంది. తెర మీద తుపాకీ పేలాక చెవికి వినపడుతుంది. పాటకు ఫర్వాలేదు, పోటీ ఆటకు పనికిరాదు. అంతకంటే పెద్ద బాధ, బ్లూటూత్ హెడ్‌సెట్ మైకు తెరవగానే మామూలు పాత బ్లూటూత్ అంతా ఫోన్ కాల్ పద్ధతికి మారిపోతుంది. వినే ధ్వని ఒంటి చానెల్‌కు పడిపోయి ఎడమా కుడీ తేడా లేకుండా పోతుంది. మాట కూడా ఫోన్ మాటలా ఇరుకైపోతుంది. దాని ఫలితం ఆటలో ఎలా ఉంటుందో చూడండి. వాలరెంట్‌లో హేవెన్ అనే మ్యాపులో ఏ, బి, సి అని బాంబు పెట్టే మూడు సైట్లున్నాయి. శత్రువు ఎటున్నాడో చెప్పడానికి మీరు "సి" అని అరిచారు. ఆ "స" శబ్దంలోని బలమంతా 4,000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. పాత ఫోన్ పద్ధతి సరిగ్గా ఆ పైభాగాన్నే కోసేస్తుంది. మిగిలింది "ఇ" మాత్రమే. అవతలివాళ్లు "బి" అనుకుని అటు పరుగెత్తుతారు. వైరు లేకుండానే కావాలంటే యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ రకం తీసుకోండి. వాటిలో ఆలస్యం చాలా తక్కువ. బ్లూటూత్ తప్పనిసరి అయితే మైకును మాత్రం విడిగా యూఎస్‌బీకి పెట్టండి, వినే ధ్వనైనా స్టీరియోలో మిగులుతుంది.

ఇక మైకు. దీని గొప్పంతా ఎదుటివాళ్లకే తెలుస్తుంది, ఆడేవాడికి తన మైకు ఎలా ఉందో తెలియనే తెలియదు. అందుకే దీని మీద కొందరు అసలు ఖర్చు పెట్టరు, కొందరు అవసరానికి మించి పెడతారు. అసలు సూత్రం చిన్నది: మైకు ఖరీదు కంటే మైకు దూరం ముఖ్యం. మూర దూరంలో ఉన్న మైకును జానెడు దూరానికి తెస్తే, అంటే దూరం సగం చేస్తే, మీ గొంతు అందులో 6 డెసిబెల్స్ పెరుగుతుంది. పైన తిరిగే ఫ్యాను చప్పుడు మాత్రం పెరగదు, దానికి ఆ జానెడు లెక్క కాదు. ఇంకా దగ్గరికి, బెత్తెడు దూరానికి తెస్తే ఇంకో 9 డెసిబెల్స్ వస్తుంది. మూర నుంచి బెత్తెడుకు వచ్చేసరికి ఫ్యాను మీద మీ గొంతుకు 15 డెసిబెల్స్ పైచేయి దొరికినట్టు. ఏ కొత్త మైకూ ఆ లాభం అంత సులువుగా ఇవ్వదు. ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. ఫ్యాను నాలుగో నంబర్ మీద పెట్టి, విండోస్ సౌండ్ రికార్డర్ తెరిచి, ఒకే వాక్యాన్ని ఈ మూడు దూరాల నుంచి చదివి, మూడూ ఒకే గట్టిదనంతో వినిపించేలా వాల్యూమ్ సర్దుకుని విని చూడండి. మూర దూరంలో చదివినదాంట్లో ఫ్యాను మీతో పాటు మాట్లాడుతుంటుంది.

కండెన్సర్ తీసుకోవాలా, డైనమిక్ తీసుకోవాలా అన్న చర్చ ఎప్పుడూ నడుస్తుంటుంది. కండెన్సర్ సున్నితమైనది, సన్నని ధ్వనినీ పట్టుకుంటుంది. డైనమిక్ మొద్దుది, కాబట్టి గది గోల పట్టుకోదు అంటారు. ఈ రెండో మాట పూర్తిగా నిజం కాదు. ఒకే దూరంలో, ఒకే పికప్ తీరున్న రెండు రకాలనూ పెట్టి గొంతు ఒకే గట్టిదనానికి తెస్తే, ఫ్యాను చప్పుడు రెండింటిలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. డైనమిక్‌కు ఆ మంచిపేరు రావడానికి కారణం దాన్ని నోటి దగ్గర పెట్టక తప్పకపోవడమే. దూరంగా పెడితే అది అసలు వినపడదు, కాబట్టి జనం దగ్గర పెడతారు. కండెన్సర్‌ను బల్ల చివర మానిటర్ పక్కన పెట్టి ఊరుకుంటారు, అప్పుడు అది గదినంతా వింటుంది. ఇలా నష్టపోయిన బ్లూ యెటీ కండెన్సర్ మైకులు ప్రపంచమంతా ఉన్నాయి. ఆ మైకులో లోపం లేదు, పెట్టిన చోటులోనే ఉంది.

అందువల్ల మైకుతో పాటు దాన్ని నోటి దగ్గరికి తెచ్చే బూమ్ ఆర్మ్‌కు కూడా డబ్బు తీసిపెట్టుకోండి. కార్డియాయిడ్ పద్ధతి మైకు ముందు నుంచి వచ్చేదాన్ని బాగా వింటుంది, వీపు వైపు నుంచి వచ్చేదాన్ని తక్కువగా. కీబోర్డు వీపు వైపుకు వచ్చేలా తిప్పి పెట్టుకుంటే టకటకలు తగ్గుతాయి. నోటికి సూటిగా కాకుండా పెదవి మూలకు కాస్త పక్కగా పెడితే "ప", "ఫ", "బ", "భ" పలికేటప్పుడు వచ్చే గాలి దెబ్బ మైకుకు తగలదు. ఆటలో నోటి వెంట పదేపదే వచ్చేది "బి" కాబట్టి ఈ చిన్న సర్దుబాటు ఎదుటివాళ్లకు పెద్ద ఉపకారం.

ఎంతవరకు ఖర్చు పెట్టాలన్నదానికి హద్దు మీ మైకు దగ్గర లేదు, మధ్యలో ఉంది. ఆడేవాళ్లు మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో వాయిస్ చానెల్ మామూలుగా సెకనుకు 64 కిలోబిట్స్ దగ్గర అమర్చి ఉంటుంది. మాట అర్థం కావడానికి అది నిండుగా సరిపోతుంది. పైగా నాయిస్ సప్రెషన్ అన్నది ఫ్యానునూ కీబోర్డునూ తీసేస్తూ గొంతును కూడా కొంత చెక్కుతుంది. ఇన్ని జల్లెడలు దాటి అవతలికి చేరే గొంతులో స్టూడియో మైకు ప్రత్యేకత మిగలదు. స్ట్రీమర్ల నోటి ముందు కనిపించే షూర్ ఎస్ఎం7బీ గొప్ప మైకే, కానీ దాని సిగ్నల్ చాలా బలహీనం, సుమారు 60 డెసిబెల్స్ పెంచగల ఆడియో ఇంటర్‌ఫేస్ దానికి తోడుండాలి. స్నేహితులతో ఆడుకోవడానికి అది అక్కర్లేదు. యూఎస్‌బీకి నేరుగా తగిలే ఫిఫైన్, మావోనో, హైపర్‌ఎక్స్ సోలోకాస్ట్ లాంటివి చాలు. రేపెప్పుడైనా పాడ్‌కాస్ట్‌కో, యూట్యూబ్‌కో వాడే ఆలోచన ఉంటే శాంసన్ క్యూ2యూ లాంటివి ఉన్నాయి. వాటికి యూఎస్‌బీతో పాటు మూడు పిన్నుల ఎక్స్ఎల్ఆర్ కూడా ఉంటుంది కాబట్టి తర్వాత ఇంటర్‌ఫేస్ కొన్నా అదే మైకు పనికొస్తుంది.

బల్ల మీద చోటు లేనివాళ్లకు మధ్యేమార్గం ఒకటుంది. యాంట్‌లయన్ కంపెనీ మాడ్‌మైక్ మంచి హెడ్‌ఫోన్స్ పక్కకు అయస్కాంతంతో అతుక్కుంటుంది. వైరు ఊడదీసే వీలున్న కొన్ని హెడ్‌ఫోన్స్‌కు వీ-మోడా బూమ్‌ప్రో వైరు తగిలిస్తే అందులోనే మైకు ఉంటుంది. తల ఎటు తిప్పినా మైకు బెత్తెడు దూరంలోనే ఉండటం వీటి అసలు బలం.

జాక్‌లలో ఒక చిక్కుంది. లాప్‌టాప్‌కు సాధారణంగా వినడానికీ మాట్లాడటానికీ కలిపి ఒకటే రంధ్రం. డెస్క్‌టాప్‌కు రెండు వేరువేరు. హెడ్‌సెట్ పిన్ను మీద మూడు నల్ల గీతలుంటే అది కలిపి ఉన్న రకం, డెస్క్‌టాప్‌కు పెట్టాలంటే వై ఆకారపు స్ప్లిటర్ కావాలి. మైకులో ఎడతెగని "గూం" మోత వస్తుంటే మైకును తిట్టే ముందు లాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. మోత ఆగిపోతే తప్పు చాలావరకు ఎర్తింగ్‌ది. మూడు పిన్నుల ఛార్జర్‌ను రెండు పిన్నుల అడాప్టర్‌తో పెట్టడం, ఇంట్లో ఎర్త్ సరిగ్గా లేకపోవడం మన దగ్గర మామూలు కాబట్టి ఇది తరచూ ఎదురవుతుంది. జాక్‌కు తగిలే మైకు కంటే యూఎస్‌బీ మైకుకు ఈ బెడద తక్కువ.

ఇంత చెప్పినా హెడ్‌సెట్ కొనడం తప్పని అనను. చిన్న పిల్లవాడికి, చోటు లేని బల్లకు, ఒకే వైరుతో పని తేలాలనుకునే ఇంటికి అదే సుఖం. హైపర్‌ఎక్స్ క్లౌడ్ హెడ్‌సెట్‌ను టాక్‌స్టార్ ప్రో 80 అనే మామూలు హెడ్‌ఫోన్స్ డిజైన్ మీదే కట్టారు, అందుకే అది అంతకాలం నిలబడింది. హెడ్‌సెట్ అయినా అలా ముందు హెడ్‌ఫోన్స్‌గా బాగున్నది చూసుకోవాలి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటికి వెళ్తే చెవికి పెట్టుకుని చూడనిస్తారేమో అడగండి. ఆన్‌లైన్ అయితే తిరిగి ఇచ్చే గడువు చూసుకుని తీసుకోండి.

చివరిగా వాల్యూమ్. క్లోజ్డ్ బ్యాక్ పెట్టుకున్నవాళ్లు తమ గొంతు తమకు వినపడక అరుస్తారు. ఇంట్లోవాళ్ల ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. చాలా యూఎస్‌బీ మైకులకు వెనక హెడ్‌ఫోన్ జాక్ ఉంటుంది, అందులో పెట్టుకుంటే మన గొంతు మనకు సన్నగా వినిపిస్తుంది, అరుపు దానంతటదే తగ్గుతుంది. చెవుల సంగతి అంతకంటే ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలకు 80 డెసిబెల్స్ ధ్వని వారానికి 40 గంటల వరకు ఫర్వాలేదు, పిల్లలకు ఆ 40 గంటలకు 75 డెసిబెల్సే. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా గంటలు సగమవుతాయి. పెద్దలకు 83 అయితే 20 గంటలు, 86 అయితే 10. రోజుకు మూడు నాలుగు గంటలు ఆడే కుర్రాడు ఈ హద్దును తెలియకుండానే దాటగలడు. గేమర్ల మీద వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2024 జనవరిలో బీఎంజే పబ్లిక్ హెల్త్‌లో వచ్చింది. ఆడేవాళ్లు వినే స్థాయిలు చాలాచోట్ల ఈ హద్దుల దగ్గరో, పైనో ఉన్నాయని అందులో తేలింది. కాబట్టి వాల్యూమ్‌ను ఫ్యాను ఆపి, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ఆటలో తుపాకీ పేల్చి చూసుకుంటూ అమర్చుకోండి. అడుగులు వినపడటానికి ఎంత చాలో అంతే పెట్టండి. తర్వాత ఫ్యాను వేసుకున్నాక అడుగులు వినపడకపోతే వాల్యూమ్ ముట్టుకోకుండా, ముందు ఫ్యానును ఒక నంబర్ తగ్గించండి.